చెన్నైలో ఇంట్లోనే చిన్న డే కేర్ పెట్టాలంటే: ఇల్లు చూడటం నుంచి ఇన్‌స్పెక్షన్ దాకా

"అక్కా, డే కేర్ లైసెన్స్ ఏ ఆఫీసులో ఇస్తారు?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి అడుగుతారు. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నవాళ్ళు, నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో పెళ్ళయి వచ్చినవాళ్ళు, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. నేను వేళచ్చేరి పక్కన ఒక ఇంట్లో 2018 నుంచి చిన్న డే కేర్ నడుపుతున్నాను, ఇప్పుడు పదకొండు మంది పిల్లలు ఉన్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒక్కచోట రాస్తే నయమనిపించింది.

ఒక ఆఫీసుకి వెళ్ళి ఒక ఫారం ఇస్తే చేతిలో పెట్టే "డే కేర్ లైసెన్స్" అనే ఒక్క కాగితం లేదు. మీరు ఏ వయసు పిల్లల్ని తీసుకుంటారు, వాళ్ళకి చదువు చెప్తారా లేక చూసుకోవడం వరకేనా, రాత్రి ఉంచుకుంటారా, ఇల్లు ఎవరి హద్దులో ఉంది, వీటిని బట్టి కాగితాలు మారిపోతాయి. అందుకే ముందు మీరు నడపబోయేది ఏమిటో తేల్చుకోండి, ఆ తర్వాత ఇల్లు చూడండి, కాగితాల పని ఆ తర్వాతే. నేను ఇది తలకిందులుగా చేసి ఒక అడ్వాన్స్ పోగొట్టుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

మొదటి పని: మీరు నడిపేది ఏమిటి?

ఒక తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి: వయసు, ఎన్ని గంటలు, ఎంతమంది, ఏం నేర్పిస్తారు. దారి అక్కడే తెలిసిపోతుంది.

అమ్మానాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లల్ని చూసుకుని, అన్నం పెట్టి, నిద్రపుచ్చి పంపేస్తే అది డే కేర్, కొందరు క్రెష్ అంటారు. బోర్డు మీద "ప్లే స్కూల్", "ప్రీ కేజీ" అని రాసి, అక్షరాలు నేర్పిస్తామని ఫీజు తీసుకుంటే మాత్రం మీరు విద్యాశాఖ కిందకి వస్తారు. తమిళనాడు ప్రభుత్వం 2015లో ప్లే స్కూళ్ళ కోసం విడిగా ఒక నియమావళి తెచ్చింది, దాని ప్రకారం గుర్తింపు తీసుకోవాల్సిందే. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నడిపేది డే కేరే అయినా, జనం వస్తారని ఫ్లెక్సీ మీద ప్లే స్కూల్ అని వేయిస్తారు. ఆ ఒక్క మాటతో మీ మీద పడే నిబంధనలన్నీ మారిపోతాయి. మీరు చేసేదే బోర్డు మీద రాయండి.

రాత్రి కూడా పిల్లల్ని ఉంచుకుంటే, నైట్ షిఫ్ట్ తల్లిదండ్రులు అడుగుతున్నారు కదా అని మొదలుపెట్టినా సరే, అది పూర్తిగా వేరే లెక్క. తమిళనాడులో ఆడవాళ్ళ, పిల్లల హాస్టళ్ళు, హోమ్‌ల నియంత్రణకి 2014 నాటి చట్టం ఉంది, దాని కింద జిల్లా కలెక్టర్ దగ్గర రిజిస్ట్రేషన్, లైసెన్స్ తీసుకోవాలి. కొత్తవాళ్ళకి నా మాట ఒకటే: రాత్రి వద్దు. కనీసం రెండేళ్ళు పగలు నడిపి చూశాక ఆలోచించండి.

ఇంకో అయోమయం కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెతికితే "చైల్డ్ కేర్ ఇన్‌స్టిట్యూషన్ రిజిస్ట్రేషన్" అని కనబడుతుంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 41 అని. అది చూసి మనదే అనుకుని ఒకావిడ ఆ ఫారాలన్నీ నింపుకుని జిల్లా బాలల రక్షణ ఆఫీసు దాకా వెళ్ళొచ్చారు. అది దిక్కులేని పిల్లల్ని, రక్షణ అవసరమైన పిల్లల్ని పెట్టుకునే హోమ్‌లకి. పొద్దున అమ్మ దింపి, సాయంత్రం నాన్న తీసుకెళ్ళే పిల్లల కోసం కాదు. అలాగని పాపం అనిపించి ఎవరో వదిలేసిన బిడ్డని మీ డే కేర్‌లో ఉంచేసుకోవద్దు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి పిల్లల్ని ఉంచుకుంటే ఏడాది దాకా జైలు, లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కంపెనీలతో కలిసి నడపాలనుకునేవాళ్ళకి ఒక్క ముక్క. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం ఇవ్వాలని, తల్లికి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే వీలు ఉండాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే ఉంది. పెరుంగుడి, తొరైపాక్కం వైపు చిన్న కంపెనీలు దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం చేసుకునేది ఇందుకే. వాళ్ళ హెచ్‌ఆర్ వచ్చి అడిగే మొదటి మాట మీ కాగితాల గురించే, రంగుల గోడల గురించి కాదు.

ఇల్లు: ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే

నా మొదటి ఇల్లు మొదటి అంతస్తులో. గాలి, వెలుతురు, పెద్ద హాలు, చూడగానే నచ్చేసింది. చెన్నైలో మామూలుగా అడిగే పది నెలల అడ్వాన్స్‌లో సగం అదే రోజు ఇచ్చేశాను. తర్వాత ఫైర్ సేఫ్టీ గురించి కనుక్కోవడానికి వెళ్తే, పాకే పిల్లల్ని మేడ మీద పెట్టి, ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి ఉన్న ఇంట్లో ఎలా నడుపుతావమ్మా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇల్లు వదిలేశాను, ఓనర్ నేనిచ్చిన దాంట్లో కొంత పట్టుకుని మిగిలింది వెనక్కిచ్చారు.

ఈ రాష్ట్రంలో పిల్లల బిల్డింగ్ అంటే ఆఫీసర్లు ఎందుకంత గట్టిగా ఉంటారో తెలియాలంటే కుంభకోణం ఊళ్ళో జరిగింది గుర్తుకు తెచ్చుకోవాలి. 2004 జులై 16న అక్కడ ఒక స్కూల్లో వంటగది నుంచి మంటలు తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు, పై అంతస్తు క్లాసుల్లో ఉన్నవాళ్ళకి బయటికి వచ్చే దారి లేకపోయింది. వంట ఎక్కడ, పిల్లలు ఎక్కడ, రెండో దారి ఏది అని ఎవరైనా వచ్చి అడిగితే విసుక్కోకండి. ముందు మీరే ఆ మూడూ అడుక్కుని ఇల్లు చూడండి.

కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ చూడాలి. కానీ చెన్నైలో గ్రౌండ్ ఫ్లోర్ అంటే వాన. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను, రెండుసార్లూ వేళచ్చేరి, పళ్ళికరణై వైపు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. మా చాపలు, పరుపులు, బొమ్మలు అన్నీ 2023లోనే పోయాయి, పిల్లలు ఆ రోజు రాలేదు కాబట్టి అంతటితో సరిపోయింది. ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ని కాదు, ఎదురింటివాళ్ళని, మూలమీద ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, "2015లో ఇక్కడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?" అని. వాళ్ళు చేత్తో గోడ మీద చూపిస్తారు, మోకాలా, నడుమా అని. రోడ్డు కంటే రెండు మూడు మెట్లు ఎత్తులో ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే అద్దె రెండు వేలు ఎక్కువైనా తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముఖ్యమైన కాగితాలు, పిల్లల ఫైళ్ళు పైఅరలో ఉంచండి.

తర్వాత సంపు. చెన్నైలో ఇంటింటికీ భూమిలో నీళ్ళ సంపు ఉంటుంది, దాని మూత చాలా ఇళ్ళల్లో తుప్పు పట్టిన రేకో, పగిలిన సిమెంటు పలకో. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం అదే. మెట్రో వాటర్ లారీ వచ్చినప్పుడు మూత తీసి, పైపు వేసి, మర్చిపోయి వెళ్ళిపోతారు. మూతకి తాళం, ఆ తాళం చెవి మీ దగ్గర, లారీ వచ్చే టైమ్‌లో పిల్లలు లోపల, తలుపు గడియ. ఇందులో ఒక్కటి తప్పినా ఒప్పుకోకండి. బాత్రూంలో నీళ్ళు నింపిన బకెట్ కూడా అంతే, తప్పటడుగులు వేసే బిడ్డకి సగం బకెట్ నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి. మా ఇంట్లో బకెట్లన్నీ బోర్లించి ఉంటాయి.

ఎంత స్థలం కావాలి? కేంద్రం 2018లో క్రెష్‌ల కోసం ఇచ్చిన కనీస మార్గదర్శకాల్లో ఒక్కో బిడ్డకి 10 నుంచి 12 చదరపు అడుగులు అని ఉంది. అది కనీసం మాత్రమే. మా హాలు చిన్నది, ఆ లెక్కన పాతికమందిని పెట్టొచ్చు. ఒకసారి సెలవుల్లో పద్నాలుగు మందిని తీసుకున్నాను, సాయంత్రానికి ఒకరినొకరు కొరుక్కోవడాలు, ఏడుపులు. అప్పటి నుంచి పన్నెండు దాటను. చాపలు పరిచి, మీ లెక్క ప్రకారం పిల్లలందరూ మధ్యాహ్నం ఒకేసారి పడుకున్నట్టు ఊహించుకోండి. మధ్యలో మీరు నడవడానికి దారి లేకపోతే ఆ సంఖ్య ఎక్కువైనట్టే.

ఇంకా చూడాల్సినవి గబగబా చెప్తాను: వంటగదికి తలుపు ఉండాలి, లేకపోతే చిన్న గేటు పెట్టించాలి. గ్యాస్ సిలిండర్ వీలైతే బయట. ప్లగ్గులు పైన ఉండాలి, కింద ఉన్నవాటికి మూతలు. కిటికీ గ్రిల్ సందులో తల ఇరుక్కోకూడదు, అత్యవసరంలో తెరుచుకునే గ్రిల్ ఒకటైనా ఉండాలి. వెనక దారి ఉండి, దానికి వాషింగ్ మెషీన్ అడ్డం పెట్టకుండా ఉండాలి. గేటు నేరుగా మెయిన్ రోడ్డు మీదకి తెరుచుకోకూడదు.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు

మనం తెలుగువాళ్ళం, తమిళం సగం సగం వస్తుంది, అందుకని చాలామంది ఓనర్‌తో నోటిమాటగా "పిల్లలు వస్తారండీ" అని చెప్పి ఊరుకుంటారు. అలా వద్దు. అగ్రిమెంట్‌లో "నివాసానికి మాత్రమే" అని ఉంటే మీ ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. డే కేర్ నడపడానికి అభ్యంతరం లేదని ఓనర్ సంతకంతో అగ్రిమెంట్‌లోనే రాయించండి. తమిళనాడు అద్దె చట్టం 2017లో వచ్చి, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం అద్దె ఒప్పందాన్ని అద్దె అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. ఆ నమోదు ఉంటే, నడుస్తున్న డే కేర్‌ని నెల రోజుల్లో ఖాళీ చేయమంటే మీరు నిలబడటానికి ఒక ఆధారం ఉంటుంది. పిల్లలున్నప్పుడు ఇల్లు మారడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు.

అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. సెక్రటరీ మంచివాడే, రేపు సెక్రటరీ మారిపోతారు. పైవాళ్ళకి పొద్దున ఎనిమిదింటికి కార్లు ఆగడం, మధ్యాహ్నం ఏడుపులు, ఇవి ముందే చెప్పి ఒప్పించండి.

ఈబీ కార్డు, అంటే కరెంటు మీటరు కార్డు సంగతి చాలామందికి తట్టదు. ఇంటి టారిఫ్ మీద వ్యాపారం నడిపితే తనిఖీలో దొరికినప్పుడు తేడా మొత్తం జరిమానాతో కట్టమంటారు, అది ఓనర్ పేరు మీద వస్తుంది, గొడవ మీతో అవుతుంది. టారిఫ్ మార్పిడి ఎవరు చేయించాలి, పెరిగిన బిల్లు ఎవరు కట్టాలి, ఆస్తిపన్ను పెరిగితే ఎవరిది, ఇవి ముందే మాట్లాడేసుకోండి. చెన్నైలో ఆస్తిపన్ను ఆరు నెలలకోసారి, తాజా రసీదు జిరాక్స్ ఓనర్ దగ్గర తీసుకోండి, అన్ని దరఖాస్తులకీ అడుగుతారు.

ఏ ఆఫీసు మీది?

అడ్రస్ మీద "చెన్నై" అని ఉన్నంతమాత్రాన గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కిందకి రావు. పెరుంగుడి, షోలింగనల్లూరు కార్పొరేషన్ కిందే వస్తాయి. కానీ కాస్త ముందుకెళ్ళి నావలూరు, సిరుచేరి అయితే చెంగల్పట్టు జిల్లా, అక్కడ ఆఫీసులు వేరు. తాంబరానికి 2021 నుంచి సొంత కార్పొరేషన్ ఉంది. ఆస్తిపన్ను రసీదు మీద ఎవరి పేరుందో వాళ్ళదే మీ ఇల్లు.

కార్పొరేషన్ జోన్ ఆఫీసుకి వెళ్ళినప్పుడు నోటితో అడిగి వచ్చేయకండి. ఒక తెల్లకాగితం మీద తమిళంలో రాయించుకుని వెళ్ళండి, రాయడం రాకపోతే ఈ-సేవై సెంటర్ దగ్గర రాసిపెట్టేవాళ్ళుంటారు. ఫలానా అడ్రస్‌లో, ఫలానా వయసు పిల్లలు ఇంతమందిని, ఈ గంటల్లో, చదువు చెప్పకుండా చూసుకోవడానికి మాత్రమే డే కేర్ నడపదలచుకున్నాను, దీనికి ట్రేడ్ లైసెన్స్‌కి, హెల్త్ విభాగానికి ఏమేం ఇవ్వాలో తెలపగలరు. అంతే. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "నాళైక్కు వాంగ" (రేపు రండి) అని రెండుమూడు రోజులు తిప్పించుకున్నా కోపం తెచ్చుకోకుండా వెళ్ళాను, ముద్ర ఉన్న కాపీ చూపించాక మాట తీరు మారింది.

పెద్ద కాగితాలు, వాటి వరస

ప్లే స్కూల్ దారిలో వెళ్ళేవాళ్ళకి నాలుగు కాగితాలు ముఖ్యం: బిల్డింగ్ గట్టిదనానికి స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్, హెల్త్ ఆఫీసర్ ఇచ్చే శానిటరీ సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ ఇచ్చేది, ఇవి మూడూ పట్టుకుని 1965 నాటి తమిళనాడు పబ్లిక్ బిల్డింగ్స్ లైసెన్సింగ్ చట్టం కింద తీసుకునే బిల్డింగ్ లైసెన్స్, దాన్ని ఇక్కడందరూ "ఫారం డి" అంటారు, తాసిల్దార్ ఆఫీసు పని. ఇవన్నీ చేతికి వచ్చాక విద్యాశాఖలో ప్రైవేట్ స్కూళ్ళు చూసే జిల్లా విద్యాధికారి దగ్గర గుర్తింపుకి దరఖాస్తు.

డే కేర్ మాత్రమే నడిపేవాళ్ళు కూడా మొదటి మూడూ తీసుకోమని నేను గట్టిగా చెప్తాను, ఎవరూ అడక్కపోయినా సరే. ఒక ఇంజినీర్ వచ్చి స్లాబు చూసి, ఈ మూల పెచ్చులూడుతోంది, లోపల కమ్మీ తుప్పు పట్టింది అని చెప్పింది మా ఇంట్లోనే. ఆ స్లాబు కిందే మధ్యాహ్నం ముగ్గురు పిల్లలు పడుకునేవాళ్ళు. మర్నాడే ఆ గది మూసేసి, బాగుచేయించాకే తెరిచాను.

వరస ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో కాగితానికీ గడువు ఉంటుంది. ఫైర్ కాగితం ముందు తీసుకుని, స్టెబిలిటీ కోసం నాలుగు నెలలు తిరిగితే, చివరికి దరఖాస్తు పెట్టే రోజుకి మొదటిది ముగింపుకి వచ్చేస్తుంది. ఇంజినీర్‌ని మొదట పిలవండి. ఆయన చెప్పిన మరమ్మతులు అయ్యాక శానిటరీ, ఫైర్ రెండూ ఒకే వారంలో పెట్టండి. అన్ని దరఖాస్తుల్లోనూ మీ పేరు, ఇంటి నంబరు, డే కేర్ పేరు ఒకేలా ఉండాలి. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు అని చెన్నైలో రెండు ఉంటాయి కదా, రెండూ రాయండి. నాది ఒకచోట పాతది, ఇంకోచోట కొత్తది పడి నెలన్నర ఆగిపోయింది.

ఫైర్ విషయంలో చేతనైనంత ముందే చేసిపెట్టండి. వంటగది బయట ఒకటి, హాలు దగ్గర ఒకటి మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్, మీద రీఫిల్ తేదీ కనబడాలి. అది వాడటం ఆయమ్మకి కూడా రావాలి, అమ్మేవాణ్ణి పిలిచి ఒకసారి చేసి చూపించమనండి. నెలకోసారి మేము పిల్లల్ని తాడు పట్టించి వరసగా గేటు దాకా నడిపిస్తాం, పాకేవాళ్ళిద్దర్నీ ఒక బట్టలబుట్టలో పెట్టి లాగేస్తాం. మొదటిసారి అందరూ బయటికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఇప్పుడు రెండు నిమిషాల్లోపే.

చిన్న కాగితాలు

ఇవి ఒక వారంలో అయిపోతాయి, టెన్షన్ వద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. దాంతో బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవొచ్చు, ఫీజులు మీ సొంత ఖాతాలో కలపకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మనలాంటి చిన్నవాళ్ళెవరూ దాటరు. వృత్తిపన్ను కార్పొరేషన్‌కి ఆరు నెలలకోసారి కట్టాలి.

అన్నం మీరే వండి పెడితే ఫుడ్ సేఫ్టీ బేసిక్ రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఏడాదికి 100 రూపాయలు, 14 అంకెల నంబరు వస్తుంది, అది వంటగది గోడ మీద అతికించాలి. వండే మనిషికి ఏడాదికోసారి డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోండి.

మనుషులు

పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్ళు ఉండాలి? జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్లే స్కూళ్ళకిచ్చిన మార్గదర్శకాల్లో 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా అని ఉంది, అదీ మూడేళ్ళు నిండినవాళ్ళకి, రోజుకి మూడు నాలుగు గంటలకి. మీ దగ్గరకొచ్చేది ఏడాదిన్నర బిడ్డ, ఉండేది పది గంటలు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఏడాదిలోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి, మూడేళ్ళలోపు వాళ్ళు ఐదుగురికి ఒక మనిషి, ఇది నేను పాటించే లెక్క. ఇంకా ముఖ్యంగా, ఎప్పుడూ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు సగం మంది తల్లిదండ్రులకి పొద్దున్నే ఫోన్ చేసి రావద్దని చెప్పాను. తిట్టినవాళ్ళున్నారు, కానీ ఎవరూ మానిపించలేదు.

ఆయమ్మని పెట్టుకునేటప్పుడు ఆధార్, ఫొటో, పాత పనిచోటి ఫోన్ నంబర్లు, పోలీస్ వెరిఫికేషన్. తమిళనాడు పోలీస్ సైట్‌లోనే ఆ దరఖాస్తు పెట్టొచ్చు. తెలిసినామె కదా, మన ఊరామె కదా అని ఇది వదిలేయొద్దు. మీ ఇంట్లో ఉండే మీ ఆయన, మరిది, కారు డ్రైవర్, మోటారు రిపేరుకి వచ్చేవాళ్ళు కూడా పిల్లల దగ్గరికి వచ్చే మనుషులే. పిల్లలున్న గంటల్లో ఇంట్లో తిరిగే ప్రతి పెద్దమనిషి పేరూ తల్లిదండ్రులకి తెలిసి ఉండాలి.

పోక్సో చట్టం గురించి ఆయమ్మకి తెలుగులోనో తమిళంలోనో కూర్చోబెట్టి చెప్పండి. బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకి చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష, సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ సంగతి దాచిపెడితే ఏడాది దాకా. అది మన ఇంట్లో కాక బిడ్డ ఇంట్లో జరిగిందని తెలిసినా చెప్పాల్సిందే. అలాగే కొట్టడం, బాత్రూంలో పెట్టి గడియ వేయడం, అన్నం పెట్టకపోవడం. పిల్లల్ని చూసుకునే సంస్థలో ఇలాంటి క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా అంటుంది. "ఒక్క దెబ్బ వేస్తే వింటాడు" అన్న ఆయమ్మని నేను ఆ నెలాఖరుకే పంపించేశాను, ఆమె పని చాలా శుభ్రంగా చేసేది, అయినా సరే.

సీసీ కెమెరా హాల్లో, గేటు దగ్గర, వంటగదిలో పెట్టండి. బట్టలు మార్చేచోట, బాత్రూంలో వద్దు. పిల్లల ఫొటోలు మీ ప్రచారానికి వాడాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతోంది.

ఒక్కో బిడ్డకి ఒక్కో ఫైలు

టీకా కార్డు జిరాక్స్, అలెర్జీలు, డాక్టర్ నంబరు, ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో ఫొటోలతో సహా. ఫొటో లేని మనిషి "నేను వాళ్ళ మావయ్యని" అని వచ్చినా, బిడ్డ నవ్వుతూ చేతులు చాచినా, తల్లికి ఫోన్ చేయకుండా పంపకూడదు. ఒకసారి సొంత తాతగారినే ఇరవై నిమిషాలు గేటు బయట కూర్చోబెట్టాను. ఆయన కోపగించుకున్నారు, ఆ అమ్మాయి తర్వాత ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది.

మందులు తల్లి రాసిచ్చిన మోతాదు, టైమ్ ఉంటేనే. జ్వరం వస్తే ఇంటికి పంపించే నియమం చేరేరోజే సంతకం చేయించుకోండి. చేతులు, కాళ్ళు, నోటి మీద పొక్కులు కనబడితే, ఆ ఒక్క బిడ్డవాళ్ళకే కాదు, మిగతా తల్లిదండ్రులందరికీ ఆ సాయంత్రమే చెప్పాలి. ఏడాదిలోపు బిడ్డకి తేనె నాకించకూడదు, అమ్మమ్మలు చెప్పినా సరే. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, పక్కన దిండ్లు, బొమ్మలు లేకుండా. వేరుశనగ గుళ్ళు, పుట్నాలు, గుండ్రంగా ఉండే ద్రాక్ష చిన్నపిల్లలకి పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పెరుగన్నం, రసం అన్నం, రాగి జావ, మెత్తటి ఇడ్లీ, వీటితో రోజు గడిచిపోతుంది. తల్లి పాలు తీసి పంపిస్తే సీసా మీద పేరు, టైమ్ రాసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, చెన్నై ఎండకి బయట వదిలేయకూడదు.

108, 101, 1098, దగ్గరి పిల్లల డాక్టరు, రాత్రీపగలూ పిల్లల ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రి, ఇవి గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి పెద్దదే, కానీ ఓఎంఆర్ ట్రాఫిక్‌లో అక్కడికి చేరేదాకా ఆగలేని పరిస్థితులుంటాయి. ఒక ఆదివారం దగ్గరి ఆసుపత్రికి ఆటోలో వెళ్ళి ఎంతసేపు పడుతుందో చూసి రండి. గొంతులో అడ్డం పడితే ఏం చేయాలో, ఫిట్స్ వస్తే ఏం చేయకూడదో చెప్పే ఫస్ట్ ఎయిడ్ శిక్షణ మీరూ ఆయమ్మా కలిసి తీసుకోండి.

ఇన్‌స్పెక్షన్ రోజు

ఒకే ఫైలు, లోపల వరసగా: అగ్రిమెంట్, ఓనర్ ఒప్పుకోలు, ఆస్తిపన్ను రసీదు, ఈబీ బిల్లు, ఇంటి ప్లాన్, ఇంజినీర్ సర్టిఫికెట్, శానిటరీ, ఫైర్, ఫుడ్ రిజిస్ట్రేషన్, స్టాఫ్ కాగితాలు, పిల్లల హాజరు రిజిస్టరు. ఇంటి ప్లాన్ మీద బయటికి వెళ్ళే దారి ఎర్ర పెన్నుతో గీసి ఉంచండి. పిల్లల్ని ఆ రోజు ఇంట్లోనే ఉండమని చెప్పకండి, వచ్చినవాళ్ళు మామూలు రోజు ఎలా ఉంటుందో చూడాలి. మా ఇంటికి వచ్చినాయన రెండు చోట్ల ఆగారు, సంపు మూత తాళం లాగి చూశారు, ఆయమ్మని "మంటలొస్తే ముందు ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. ఆమె సిలిండర్ గురించి చెప్పలేదు, "పిల్లల్ని బయటికి తీసుకెళ్తాను సార్" అంది. ఆయన తలూపి రాసుకున్నారు.

ఎవరైనా మధ్యలో వచ్చి, అన్నీ నేనే చూసుకుంటా, ఇంత ఇవ్వండి అంటే వద్దనండి. అలా తెచ్చిన కాగితం మీద నంబరు నిజమైనదో కాదో మీకు తెలియదు, అంతకంటే ముందు ఆ ఇల్లు ఎవరూ చూడనట్టే.

కాగితాలు వచ్చాక ఒక్కోదాని ముగింపు తేదీ, దానికి మూడు నెలల ముందు తేదీ, రెండూ క్యాలెండర్ మీద రాసుకోండి. ఫైర్ సిలిండర్ రీఫిల్, ఫుడ్ రిజిస్ట్రేషన్, వృత్తిపన్ను, అగ్రిమెంట్ రెన్యువల్, ఆయమ్మ మెడికల్. మాది వంటగది తలుపు వెనక వేలాడుతుంది, అక్టోబరు పేజీ మీద మాత్రం ఎర్ర అక్షరాలతో ఒక లైను ఎక్కువ ఉంటుంది: ఫైళ్ళు పైఅరకి, పరుపులు మంచం మీదకి.